ఫార్మాట్ కొట్టించే ముందు ఒక నోటుపుస్తకం కొనండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, దానంతటదే రీస్టార్ట్ అవడం, ఎందుకో తెలియకపోవడం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, కావలిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. కంప్యూటర్ ఆరేళ్ళ కిందట అసెంబుల్ చేయించింది. పని ఎక్కువైందని పోయిన సంక్రాంతి ముందు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించాం. శివరాత్రి దాటాక మొదలైంది ఈ గోల. పెళ్ళి కార్డు డిజైన్ మధ్యలో ఉండగా స్ట్రక్ అయిపోతుంది, మౌస్ కూడా కదలదు, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. ఒక్కోసారి నీలం తెర వచ్చి, చదివేలోపే మాయమై రీస్టార్ట్ అవుతుంది. సర్వీసు అబ్బాయి మూడుసార్లు ఫార్మాట్ కొట్టాడు, కొట్టినప్పుడల్లా ఐదొందలు. వారం బాగుంటుంది, మళ్ళీ మామూలే. వైరస్ అని ఒకరు, మదర్‌బోర్డు పోయిందని ఒకరు అంటున్నారు. లేజర్ ప్రింటర్, కంప్యూటర్ రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి, చెప్పమన్నారు మా వారు. శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. కొత్తది కొనేయమంటారా?

జవాబు: అమ్మా, కొత్తది ఇప్పుడే కొనకండి, నాలుగోసారి ఫార్మాట్ కూడా కొట్టించకండి. ఫార్మాట్‌తో బాగయ్యేది విండోస్‌లో ఉన్న తప్పు మాత్రమే. ర్యామ్‌లోనో డిస్కులోనో, లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉన్న తప్పుని అది తాకనైనా తాకదు. మూడుసార్లు కొత్తగా విండోస్ వేసినా అదే తంతు తిరిగొచ్చిందంటే తప్పు సామానులో ఉండటానికే ఎక్కువ అవకాశం. మీ పదిహేను వందలు పోయాయని నాకు బాధగానే ఉంది, కానీ ఆ మేరకు వెతకాల్సిన చోటు తగ్గింది.

అన్నిటికంటే ముందు, ఇవాళ షాపు కట్టేసే లోపల, కస్టమర్ల ఫైళ్ళు, ఫాంట్లు, లెక్కలు ఏమున్నా బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. తప్పు డిస్కుదే అయితే ఇక మీదట చేసే ప్రతి పరీక్షా దాని ఆయుష్షు ఇంకాస్త తగ్గిస్తుంది. కాపీ అయ్యాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి చూడండి. మీది హార్డ్‌డిస్క్ అయితే పట్టికలో రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అనే రెండు వరసల్లో చివరి అంకె సున్నా ఉండాలి. పెండింగ్ అంకె రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కు మీద ఇక ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు, మార్చేయండి. సీఆర్‌సీ ఎర్రర్ అనే వరసలో అంకె పెరుగుతుంటే మాత్రం ముందు అనుమానించాల్సింది డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ని. చవక వస్తువు, అది మార్చి చూడండి.

ఇప్పుడు నోటుపుస్తకం సంగతి. పది రూపాయల పుస్తకం ఒకటి కీబోర్డు పక్కనే పెట్టుకుని, స్ట్రక్ అయిన ప్రతిసారీ తేదీ, టైము, అప్పుడు ఏ ప్రోగ్రాం తెరిచి ఉంది, ప్రింట్ ఇచ్చారా, ట్యూబ్‌లైట్ మినుకుమందా, ఫ్యాను గట్టిగా అరుస్తోందా, ఇవి రాయండి. 'ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది' అని చెప్పే వాళ్ళలో చాలామందికి పది రోజులు రాశాక ఏదో ఒక వరస కనిపిస్తుంది. మెకానిక్‌కి కూడా ఆ పేజీ చూపిస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే మీ కంప్యూటర్ అతని షాపులో రెండు గంటలు ఆన్‌లో ఉంచితే బుద్ధిగానే పనిచేస్తుంది, అతనికి ఏమీ కనపడదు, ఇక అతను మాత్రం ఫార్మాట్ కొట్టక ఏం చేస్తాడు?

ఈసారి తెర బిగుసుకుపోగానే పవర్ బటన్ మీదకి వెళ్ళకండి. క్యాప్స్ లాక్ నొక్కి కీబోర్డు మీద దాని లైటు చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉంది, బొమ్మ మాత్రమే ఆగింది, లేదా ప్రోగ్రాం డిస్కు కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీది బొమ్మని నడిపే ప్రోగ్రాం) ఒకసారి ఆగి మళ్ళీ మొదలవుతుంది. దాంతో తెర తిరిగొస్తే తప్పు గ్రాఫిక్స్ వైపు ఉందని ఒక ఆధారం దొరికినట్టు. క్యాప్స్ లాక్ లైటు ఎంత నొక్కినా కదలకపోతే మొత్తం సిస్టమే గడ్డకట్టింది, అప్పుడు ర్యామ్, కరెంటు, మదర్‌బోర్డు, డ్రైవర్ల వైపు చూడాలి. ఇంకొకటి, మనమంతా సీపీయూ అని పిలిచే ఆ డబ్బా ముందు డిస్కు లైటు ఉంటుంది కదా, అది మినుకుమినుకుమనకుండా ఒకటే వెలిగి ఉండిపోతే డిస్కు మీద అనుమానం పెరుగుతుంది.

నీలం తెర మాయం కాకుండా నిలవాలంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌కి వెళ్ళి 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' దగ్గర టిక్కు తీసేయండి. ఈసారి వచ్చినప్పుడు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. (విండోస్ 11 కొత్త అప్‌డేట్లలో ఈ తెర నల్లగా వస్తోంది, విషయం అదే.) ప్రతిసారీ ఒకే పేరు, దాంతోపాటు ఒకే డ్రైవర్ ఫైలు పేరు కనిపిస్తే ఆ డ్రైవర్‌ని పట్టుకోండి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఒకసారి పేజ్ ఫాల్ట్ అని, ఒకసారి ఇంకేదో అని రకరకాలుగా వస్తుంటే మొదటి అనుమానం ర్యామ్ మీదే.

స్టార్ట్‌లో 'రిలయబిలిటీ' అని కొడితే వచ్చే పేజీ కూడా చూడండి, ఏ రోజు ఏం పడిపోయిందో క్యాలెండర్‌లా ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అనే ఎర్ర వరస మీకు తప్పకుండా కనిపిస్తుంది. అది చూసి 'పవర్ అని ఉంది కదా, ఎస్‌ఎంపీఎస్ మార్చు' అనేవాళ్ళు చాలామంది. ఆ 41కి అర్థం ఒక్కటే, కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని. మీరు పవర్ బటన్ నొక్కిపట్టినా అదే పడుతుంది. కారణం దానికి తెలియదు. దానికి ముందున్న నిమిషాల్లో 'డిస్క్' పేరుతోనో, 'డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్' పేరుతోనో ఏమైనా ఉన్నాయా అని చూడాలి. మొదటిది డిస్కు మొర, రెండోది ప్రాసెసర్, ర్యామ్ లాంటి సామాను నుంచి వచ్చిన మొర.

ఇవన్నీ చెప్పినా, మీ ఉత్తరం చదవగానే నా కన్ను ఆగింది మాత్రం సంక్రాంతి ముందు వేయించిన ర్యామ్ దగ్గరే. బాగున్న సిస్టమ్ పాడైనప్పుడు మొదట అడగాల్సింది దానికి ముందు ఏం మారింది అని. నెల రోజులు బాగుంది కదా అనొచ్చు మీరు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, షాపులో వేడి పెరిగాక, అప్పటిదాకా అంచున నెట్టుకొచ్చిన ర్యామ్ తప్పులు చేయడం జరిగేదే. ఫార్మాట్ తర్వాత వారం బాగుండటానికి కూడా ఇదే కారణం కావచ్చు. కొత్తగా వేసిన విండోస్‌కి ర్యామ్ తక్కువ చాలు, ర్యామ్‌లో చెడిన గదుల జోలికి అంతగా వెళ్ళదు. మీరు ఫాంట్లన్నీ ఎక్కించి నాలుగు కార్డులు ఒకేసారి తెరిచాక వెళ్తుంది.

పరీక్ష ఇలా. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాంని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. రాత్రి షాపు మూసేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వదిలేయండి. తెల్లారి చూసేసరికి కనీసం నాలుగు పాస్‌లు (పరీక్ష పూర్తి చుట్లు) పూర్తయి, ఎర్రర్లు సున్నా ఉండాలి. ఒక్కటి ఉన్నా ఒప్పుకోవద్దు, 'ఒకటే కదా' అనే మాట ర్యామ్ విషయంలో లేదు. ఎర్రర్ వస్తే స్టిక్కులు రెండూ తీసి, ఒకే స్లాటులో ఒక్కొక్కటీ పెట్టి మళ్ళీ నడపండి. ఒక స్టిక్కుకే ఎర్రర్ వస్తే అది పోయింది. విడివిడిగా రెండూ బాగుండి, కలిపితేనే ఎర్రర్ వస్తే ఆ రెంటికీ జత కుదరలేదని. బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ర్యామ్ స్పీడు ఒక మెట్టు తగ్గిస్తే ఒక్కోసారి సర్దుకుంటుంది, లేకపోతే ఒకే రకం జత కొనుక్కోవాలి. ఒక స్లాటులో ఏది పెట్టినా ఎర్రర్ వస్తుంటే అప్పుడు మదర్‌బోర్డు మాట ఎత్తండి, అప్పటిదాకా వద్దు. ర్యామ్‌కి చాలా కంపెనీలు ఏళ్ళ తరబడి వారంటీ ఇస్తాయి, సంక్రాంతినాటి బిల్లు వెతికి పెట్టుకోండి.

మీ వారు రాయమన్న మాట కూడా మంచి మాట. లేజర్ ప్రింటర్‌ని ఈ రోజే యూపీఎస్ మీద నుంచి తీసి విడిగా గోడ ప్లగ్గులో పెట్టండి. పొడిని కాగితానికి కరిగించి అంటించే రోలర్ వేడెక్కేటప్పుడు ఆ ప్రింటర్ ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. షాపుల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. ఇప్పటిదాకా స్ట్రక్ అయినవాటిలో మూడు నాలుగు 'ప్రింట్ ఇచ్చాక' అయినట్టు గుర్తుంటే ర్యామ్ కంటే ముందు ఇదే నిందితుడు. ర్యామ్ మార్పు, ప్రింటర్ మార్పు రెండూ ఒకే రోజు చేయొద్దు, ఏది చేసినా నాలుగు రోజులు చూసి రెండోదానికి వెళ్ళండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఉదయం అంతా బాగుంటుంది. పన్నెండు దాటాక సాయంత్రం నాలుగు లోపల రెండు మూడు సార్లు కరెంటు పోయినట్టు టక్కున ఆరిపోతుంది. రోహిణి కార్తెలో అయితే రోజూ ఇదే. నీలం తెర ఏదీ రాదు.

జవాబు: మీరు టైము గమనించడం చాలా మేలు చేసింది. మధ్యాహ్నం అనగానే ఇద్దరు అనుమానితులు, వేడి ఒకటి, వోల్టేజి ఒకటి. ఈ రెండూ ఒకే వేళకి వస్తాయి కాబట్టి ముందు వాటిని విడదీయాలి. దానికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఉంది. సీపీయూ డబ్బా టేబులు కింద అరలో ఉంటే బయటికి లాగండి, పక్క రేకు విప్పేయండి, టేబుల్ ఫ్యాను లోపలికి తగిలేలా పెట్టి రెండు రోజులు అలాగే పనిచేసుకోండి. ఆరిపోవడం ఆగిందా, వేడే కారణం. అలాగే ఆరిపోతోందా, వోల్టేజి వైపు వెళ్ళాలి.

వేడి అయితే: మీ దగ్గర గాలిలో రాతిపొడి ఉంటుంది. ప్రాసెసర్ మీది ఫ్యాను విప్పి చూడండి. ఫ్యానుకీ, దాని కింద అల్యూమినియం రెక్కలకీ మధ్య బూడిద రంగు పొర దుప్పటిలా పేరుకుని ఉంటుంది, వేలితో అంచు పట్టుకుని లేపితే ముక్కగా ఊడొస్తుంది. పైనుంచి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఒక్క రెక్కకీ తగలదు. బ్రష్షు, చిన్న బ్లోయర్‌తో ఆరుబయట శుభ్రం చేయండి. ఫ్యాక్టరీ కంప్రెసర్ గొట్టం మాత్రం వాడొద్దు, దాని గాలిలో నీటి తుంపరలు వస్తాయి, ఒత్తిడి కూడా మరీ ఎక్కువ. ఏ గాలి కొట్టినా ఫ్యానుని వేలితో పట్టుకుని తిరగకుండా ఉంచండి. హీట్‌సింక్ (ఆ రెక్కల దిమ్మ) ఊడదీస్తే దాని కింద ఉన్న పాత పేస్టు తుడిచేసి కొత్తది కందిగింజంత వేస్తే చాలు.

హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ప్రోగ్రాంతో వేడి చూసుకోండి. పని ఎక్కువున్నప్పుడు 80 డిగ్రీల దాకా వెళ్ళినా భయపడక్కర్లేదు. చాలా ప్రాసెసర్లు 95, 100 దగ్గరికి వచ్చేసరికి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతేనే ఆరిపోతాయి. అంటే ప్రాసెసర్ వేడి వల్ల అయితే ఆరిపోయే ముందు కాసేపు సిస్టమ్ బాగా నెమ్మదించాలి. ఆ నెమ్మది ఏమీ లేకుండా, అప్పటిదాకా చక్కగా నడిచి టక్కున ఆరిపోతుంటే నా అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద. దాని ఫ్యాను కూడా అదే పొడి మింగుతోంది, వేడెక్కినకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మీరు విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది. ఇంకో కంప్యూటర్‌ది తెచ్చి రెండు రోజులు పెట్టి చూడటమే మేలైన పరీక్ష.

వోల్టేజి అయితే రాయి కోసే మిషన్ల మోటార్లు స్టార్ట్ అయ్యే క్షణం, మీ కంప్యూటర్ ఆరిపోయిన క్షణం ఒకటేనా అని చూడండి. ఆఫీసుకి ఆ మోటార్లతో సంబంధం లేని విడి లైను వేయించమని యజమానిని అడగండి, కుదరకపోతే ఆన్‌లైన్ రకం (కరెంటు ఉన్నప్పుడు కూడా తన లోపలి నుంచే కరెంటు ఇచ్చే) యూపీఎస్ పెట్టించుకోండి. మామూలు యూపీఎస్ ఇక్కడ సరిపోదు.

ప్రశ్న: విడవలూరు వైపు సముద్రం దగ్గర రొయ్యల గుంటల ఆఫీసు మాది. రెండు మూడు నెలలకోసారి కంప్యూటర్ ఆన్ అవదు, లేదా ఆన్ అయి హ్యాంగ్ అవుతుంది. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెడితే బాగైపోతుంది. ఇది మామూలేనా?

జవాబు: మీ దగ్గర మామూలే, కానీ అలా రుద్దుతూ పోకూడదు. ఉప్పుగాలి, తేమ రెండూ కలిసి కనెక్టర్ల మీద పొర కట్టిస్తాయి, అంచుల్లో సంకేతం సరిగ్గా వెళ్ళదు. రబ్బరు ఆ పొర తీసేస్తుంది, నిజమే. ర్యామ్ అంచున ఉన్న బంగారు పూత చాలా పలచన, రుద్దిన ప్రతిసారీ అది కూడా కాస్త పోతుంది, కింద లోహం బయటపడ్డాక తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. అందుకే రబ్బరు పక్కన పెట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని మెత్తని గుడ్డకి అద్ది తుడవండి, పూర్తిగా ఆరాకే పెట్టండి. తీసే ముందు ప్లగ్గు ఊడదీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, కేబినెట్ లోహం ముట్టుకుని అప్పుడు ర్యామ్ మీద చేయి వేయండి. ర్యామ్ ఒక్కటే కాదు, గ్రాఫిక్స్ కార్డు అంచు, సాటా కేబుళ్ళు, ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వచ్చే పెద్ద ప్లగ్గు కూడా ఊడదీసి చూసుకోండి, ఆ పిన్నుల మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే అదే మీ శత్రువు.

కంప్యూటర్‌ని గుంటల వైపు కిటికీకి దూరంగా జరపండి. నవంబరు వానల్లో వారాల తరబడి ఆపి ఉంచొద్దు, రోజూ కొన్ని గంటలు నడిస్తే లోపల వెచ్చగా ఉండి తేమ అంటదు. ప్లాస్టిక్ కవరు కప్పితే మాత్రం తేమ లోపలే ఉండిపోతుంది. లెక్కల ఫైళ్ళు ప్రతి వారం వేరే చోట కాపీ పెట్టుకోండి, మీ చోట మదర్‌బోర్డు మిగతా ఊళ్ళలోకంటే ముందే పోయే అవకాశం ఉంది, అది చెప్పకుండా ఉండలేను.

ప్రశ్న: నెల్లూరులో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ 13వ తరం ఐ9 సిస్టమ్ ఒకటి బేరం కుదిరింది. ఆ తరం ప్రాసెసర్లు క్రాష్ అవుతాయని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమా?

జవాబు: నిజమే. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ సమస్య ఉందని 2024లో కంపెనీయే ఒప్పుకుంది. ప్రాసెసర్ తనకి కావలసిన దానికంటే ఎక్కువ వోల్టేజి అడిగి, కాలక్రమంలో తానే దెబ్బతింటుంది. దానికి మందుగా 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం), సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చాయి, బయోస్ అప్‌డేట్‌తో ఎక్కించుకోవాలి. వారంటీ కూడా రెండేళ్ళు పెంచారు. అయితే ఈ అప్‌డేట్ ఇక మీదట దెబ్బ తగలకుండా ఆపుతుంది, ఇప్పటికే తగిలిన దెబ్బని బాగుచేయదు. కాబట్టి బేరం ఖాయం చేసే ముందు ఆ సిస్టమ్ దగ్గర రెండు గంటలు కూర్చోండి. మీ పెద్ద ప్రాజెక్టు ఒకటి రెండరింగ్ పెట్టండి, చాలా పెద్ద జిప్ ఫైలుని నాలుగైదు సార్లు విప్పండి. ఒకసారి బాగా విప్పి ఇంకోసారి ఫైలు పాడైందని చెబితే ఆ సిస్టమ్ వదిలేయండి. అసలు బిల్లు, ప్రాసెసర్ పెట్టె ఉన్నాయా అని అడగండి, వారంటీకి అవే ఆధారం.

ప్రశ్న: ఒంగోలులో ఇంటికి కొత్త ఇన్వర్టర్ పెట్టించి, పాత చిన్న యూపీఎస్ తీసేశాం. అప్పటి నుంచి కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. లైట్లు, ఫ్యాన్లు బాగానే ఉంటున్నాయి. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది కూడా. అబ్బాయి దానిమీదే ఈఏపీసెట్‌కి ప్రిపేర్ అవుతున్నాడు.

జవాబు: రీస్టార్ట్ సంగతి తేలిక. కరెంటు పోయాక ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఫ్యానుకి అది తెలియదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం నిండు లోడులో సుమారు 16 మిల్లీసెకన్లే ఊపిరి బిగబట్టగలదు, ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యం చేస్తే రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక 'ఎకో', 'యూపీఎస్' అని చిన్న స్విచ్చు ఉంటుంది, మీది ఎకోలో ఉండి ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే తొందరగా మారుతుంది. అయితే ఆ మోడ్‌లో వోల్టేజి కాస్త తగ్గినా బ్యాటరీ మీదకి వెళ్ళిపోతుంది కాబట్టి, లోవోల్టేజి ఎక్కువున్న వీధిలో బ్యాటరీ తొందరగా అయిపోవచ్చు. అదీ ఇబ్బందైతే పాత యూపీఎస్‌కి కొత్త 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ వేయించి కంప్యూటర్‌కి మాత్రం పెట్టండి.

నాకు ఎక్కువ ఆందోళనగా ఉన్నది ఆ జిల్లుమనడం. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి, మీ ప్లగ్గులో ఎర్త్ సరిగ్గా లేనట్టుంది కాబట్టి కేబినెట్ మీదే ఆగి చేతికి తగులుతోంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూడమనండి. మొదటిది 230 దగ్గర, రెండోది రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది. తేడా వస్తే ఎర్త్ గుంత దగ్గరికి వెళ్ళండి, ఎండాకాలంలో అది ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది, నీళ్ళు పోయించి మళ్ళీ చూడమనండి. ఎర్త్ వైరే లేకపోతే లాగించండి. అది అయ్యేదాకా అబ్బాయిని చెప్పుల్లేకుండా తడి నేల మీద కూర్చుని కేబినెట్ ముట్టుకోవద్దని చెప్పండి.